చెయ్యి తీసినవా?

మెహరాజ్ బేగం కబురు పంపిందంటే ఎల్లేశం కాలు ఒకచోట నిలవదు. గ్యాసు బండ మోయాలన్నా, రేషన్ షాపు ముందు వరుసలో నిలబడాలన్నా, ఆమె కూతురు ఫక్రున్నీసాకు బస్సు పాసు తేవాలన్నా అతనే. పదకొండు నెలలుగా ఇదే వరస. సొంత తమ్ముడు కూడా ఇంత చెయ్యడని ఆమె క్వార్టర్ల లైనంతా చెప్పుకుంటుంది. ఎల్లేశం భార్య అనసూర్య మాత్రం మూతి తిప్పుతుంది. ఇంట్లో నల్లా కారుతుంటే కన్నెత్తి చూడని మనిషికి పక్క లైనులో నల్లా మీద అంత ప్రేమ ఎక్కడిదని ఆమె అనుమానం. పాపం, ఆమెకు తెలియదు. లైనులో ఎవరికీ తెలియదు. ఎల్లేశం చేసేది సాయం కాదు. చెప్పాల్సిన మాట ఒకటి గొంతు దాకా వచ్చి ఆగిపోయిన ప్రతిసారీ, దానికి బదులు ఏదో ఒక బరువు మోస్తున్నాడు, అంతే.

ఈసారి కబురు గుడ్ల మిషను గురించి.

చేత్తో పట్టుకొని గుడ్లు గిలకొట్టే కరెంటు మిషను అది. ఎనభై తొమ్మిదిలో మెహరాజ్ తమ్ముడు ముష్తాక్ జెద్దా నుంచి తెచ్చాడు. చూడ్డానికి తెల్లటి ఇస్త్రీ పెట్టెలా ఉంటుంది, కింద రెండు స్టీలు కమ్మీలు గిర్రున తిరుగుతాయి. గోదావరిఖనిలో అప్పటికి అటువంటిది చూసినవాళ్ళు తక్కువ. మొదటి వారమంతా లైనులో ఆడవాళ్ళు దాన్ని చూసిపోవడానికే వచ్చారు. చివరింటి పూలమ్మ చెంబెడు పెరుగు తెచ్చి చిలికించుకొని, ఇంత లొల్లి చేసి ఇంతేనా వెన్న అని పెదవి విరిచి పోయింది. మెహరాజ్ మాత్రం దానితో కేకులు మొదలుపెట్టింది. బొగ్గుల పొయ్యి మీద ఇసుక పోసిన పెద్ద గిన్నె పెట్టి, అందులో ఇంకో గిన్నె దింపి, మూత మీద కూడా నిప్పులు పోసి కాల్చేది. కాలనీలో ఏ పిల్లకు పుట్టినరోజు వచ్చినా ఆ గులాబీ రంగు చక్కెర పూల కేకు ఉండాల్సిందే.

ఆ మిషను నిరుడు వానల్లో పాడైంది. తిరుగుతూ తిరుగుతూ లోపల నిప్పురవ్వలు లేచి, కమురు వాసన కొట్టి ఆగిపోయింది. మెహరాజ్ భర్త వజీర్ గని మీద ఎలక్ట్రీషియన్. రేపు చూస్తా, ఎల్లుండి చూస్తా అని నాలుగు రోజులు నెట్టుకొచ్చాడు. అయిదో రోజు పొద్దున ఆమెకు ఓపిక నశించింది. ఊరందరి మోటార్లకు పుట్టిన మందు ఇంట్లో మిషనుకు పుట్టదా అని నోరు చేసుకుంది. వజీర్ స్క్రూ డ్రైవరు తీసుకొని మిషను పక్కన ఏదో విప్పాడు, ఏదో జేబులో వేసుకున్నాడు, టిఫిన్ డబ్బా ముట్టకుండా మొదటి షిఫ్టుకు వెళ్ళిపోయాడు. మధ్యాహ్నం మూడున్నరకు కరెంటు కొట్టి చనిపోయాడు.

ఆ రోజు నుంచి ఆమెకు ఒకటే మాట. తను పొద్దున్నే గొడవ పెట్టుకోబట్టే ఆయన మనసు మనసులో లేదని, ఫ్యూజు తియ్యడం మరిచిపోయాడని, తన నోరే ఆయన్ని మింగిందని. ఎంక్వైరీ కాగితం కూడా ఆ మాటే వేరే భాషలో చెప్పింది. పంపు మోటారు మీద పని చేసేటప్పుడు నాలుగో నంబరు ఫ్యూజు దాని స్థానంలోనే ఉన్నది, మృతుడు దాన్ని తీయకుండా అజాగ్రత్తగా పనికి దిగినాడు అని. రక్షణ వారోత్సవాల్లో రెండుసార్లు మైకులో పేరు పిలిపించుకొని స్టీలు గిన్నె బహుమతి తీసుకున్న మనిషి గురించి రాసిన మాట అది. రాసినాయనకు సిరా ఖర్చు తప్ప ఏమీ పోలేదు.

వజీర్ ఫ్యూజు తీశాడు. ఆ సంగతి ఈ భూమ్మీద ఒక్క ఎల్లేశానికే తెలుసు.

ఎల్లేశంతో సహా, గని మీద వజీర్ దగ్గర పని నేర్చుకున్న ప్రతివాడికీ మొదటి పాఠం ఒకటే. మోటారు ముట్టుకునే ముందు దాని ఫ్యూజు పీకి నీ జేబులో వేసుకో. అది నీ జేబులో ఉన్నంతసేపు ఎవడూ నీ మీదికి కరెంటు వదల్లేడు. మళ్ళీ ఫ్యూజు పెట్టే ముందు అవతలివాణ్ణి గట్టిగా అడుగు, చెయ్యి తీసినవా అని. మూడుసార్లు అడుగు, మూడుసార్లు జవాబు విను. రెండు జవాబులకే ఫ్యూజు పెట్టినవాణ్ణి వజీర్ అందరి ముందూ కడిగేసేవాడు.

అయితే ఇంత జాగ్రత్త మనిషికీ ఒక మతిమరుపు ఉండేది. పని అయ్యాక ఒక్కోసారి జేబులో ఫ్యూజుతోనే ఇంటికి పోయేవాడు. మెహరాజ్ బట్టలు ఉతకబోతే, మోటారు నంబరు తెల్ల రంగుతో వేసిన పింగాణీ ఫ్యూజు బండ మీద టక్కున పడేది. ఆమె నవ్వుకుంటూ వాటిని కిటికీలో ఒక గాజు సీసాలో వేసి ఉంచేది. మర్నాడు ఎల్లేశం వచ్చి, చాయ్ తాగి, ఫ్యూజు పట్టుకుపోయేవాడు. ఆ ఇంటితో అతని స్నేహం అలా ఫ్యూజుల మీదుగానే పెరిగింది.

ఆ రోజు ఎల్లేశానిది రెండో షిఫ్టు. మూడు గంటలకు హాజరు మస్టరు పడి స్విచ్ రూంలోకి అడుగుపెట్టేసరికి, స్నానాల గదుల్లో నీళ్ళు రావడం లేదని మొదటి షిఫ్టు వాళ్ళంతా బొగ్గు మొహాలతో కేకలు పెడుతున్నారు. చూస్తే నీళ్ళ పంపుది, నాలుగో నంబరు ఫ్యూజు లేదు. వజీర్ భాయ్ మళ్ళీ ఇంటికి పట్టుకుపోయిండని ఎల్లేశం నవ్వుకున్నాడు. నిజంగానే నవ్వుకున్నాడు, అదే అతనికి ఇప్పటికీ నిద్ర పట్టనివ్వదు. సంచిలోంచి ఇంకో ఫ్యూజు తీసి పెట్టేశాడు. బయట తుమ్మ చెట్టు కింద వజీర్ సైకిలు ఇంకా అక్కడే ఉంది. తల తిప్పి చూస్తే కనిపించేది. పంపు దగ్గరికి రెండు వందల గజాలు కూడా లేదు, గొంతెత్తి అడిగితే వినిపించేది. షిఫ్టు దిగిపోయినా పని సగంలో వదలడం ఇష్టం లేక వజీర్ అక్కడే ఉండి, మోటారు తీగలు చేత్తో పట్టుకొని బిగిస్తున్నాడు.

అంతటితో ఆగినా అది పొరపాటే అయ్యేది. మర్నాడు పొద్దున, ఆఫీసర్లు రాకముందే, మొదటి నుంచీ అక్కడ ఉన్నదే అనిపించేట్టు, ఎల్లేశం తను పెట్టిన ఫ్యూజు మీద తెల్ల రంగుతో నాలుగు అంకె వేశాడు. ఆ రంగు ఆరేలోపే అది పొరపాటు కాకుండా పోయింది.

సాయంత్రం ఎల్లేశం వెళ్ళేసరికి మెహరాజ్ ఇంట్లో సగం సామాను మూటలు కట్టి ఉంది. కంపెనీ క్వార్టరు నెలాఖరుకు ఖాళీ చెయ్యాలి. గోదావరి దాటి మంచిర్యాలకు పోతోంది. అక్కడ బస్టాండు దగ్గర బేకరీ పెట్టిన నజీర్ అనే దూరపు చుట్టం రోజూ కేకులు చేసిస్తే తీసుకుంటానని మాట ఇచ్చాడు. చేత్తో గిలకొట్టీ గిలకొట్టీ ఆమె కుడి మణికట్టు వాచిపోయింది, దాని చుట్టూ పాత గుడ్డ కట్టుకొని ఉంది. ఏడాది కావస్తున్నా ఎవర్నీ ముట్టనివ్వని మిషనును ఆమె అందుకే అటక మీద నుంచి దింపింది.

"జర సూడు తమ్మీ. ఆడికి పోయినంక మా తల్లీబిడ్డల బతుకు దీని మీదనే నడువాలె."

ఎల్లేశం చాప మీద కూర్చొని స్క్రూ డ్రైవరు తీశాడు. మెహరాజ్ వచ్చి వైరు చివర ప్లగ్గును గుప్పిట్లో పట్టుకొని ఎదురుగా కూర్చుంది. గోడ బోర్డుకు బారెడు దూరంలో ఉన్న ప్లగ్గును పట్టుకోవడం దేనికని కొత్తవాళ్ళు నవ్వుతారు. ఆ ఇంట్లో అది చట్టం. వజీర్ ఏది విప్పినా ప్లగ్గు భార్య గుప్పిట్లో ఉండాలి, ఫ్యాను రెక్క తుడిచినా సరే.

మిషను పక్కల రెండు చిన్న మూతలున్నాయి. ఒకటి తిప్పి తీశాడు, లోపల స్ప్రింగు ఉంది, స్ప్రింగు ముందు ఉండాల్సిన కార్బన్ ముక్క లేదు. రెండోదీ తీశాడు, అందులోనూ లేదు. మోటారుకు కరెంటు అందించే కార్బన్లు అరిగిపోతే నిప్పురవ్వలు వస్తాయి, కొత్తవి వేస్తే తిరుగుతుంది, పని అయిదు నిమిషాలది. వజీర్ ఆ పొద్దున విప్పి జేబులో వేసుకున్నవి అవే. సైజు చూసి గని వర్క్‌షాపులో పెద్ద కార్బన్ ముక్కను అరగదీసి చేద్దామని పట్టుకుపోయి ఉంటాడు. ఆ జేబులున్న బట్టలు బీరువా మీద, గోధుమరంగు కాగితంలో పురికొస కట్టి, దవాఖానలో ఇచ్చినవి ఇచ్చినట్టే ఉన్నాయి. మెహరాజ్ ఆ మూట విప్పలేదు. విప్పే గుండె తనకు లేదని ఎన్నోసార్లు చెప్పింది.

పదకొండు నెలలుగా ఎల్లేశం ఆ ఇంట్లో ఎక్కడ కూర్చున్నా అతని కళ్ళు ఆ మూట మీదికే పోయేవి. ఒకరోజు ఆమె నీళ్ళకు పోయినప్పుడు లేచి దాని మీద చెయ్యి కూడా వేశాడు. పట్టుకుపోయి గోదావరిలో పడేస్తే పీడ విరగడవుతుందనుకున్నాడు. కాగితం గరగరమనేసరికి భయపడి మళ్ళీ వచ్చి కూర్చున్నాడు. అంత మాత్రపు దొంగతనానికి కూడా అతనికి ధైర్యం చాలలేదు.

కార్బన్లు పోయినయి, బజారులో వెతికి తెస్తానని చెప్పి లేవబోయాడు. మెహరాజ్ కదల్లేదు. విదేశీ మిషనుకు ఇక్కడ బజారులో కార్బన్లు దొరకవని వజీర్ అన్న మాట ఆమెకు గుర్తుంది. ఆ పొద్దున ఆయన ఏదో విప్పి జేబులో వేసుకోవడం కూడా గుర్తుంది. ఆమె తలెత్తి బీరువా మీదికి చూసింది.

"ఆయన జేబుల ఉంటయి."

వద్దు భాబీ, ఆ బట్టలు చూసి తట్టుకోలేవని ఎల్లేశం గబగబా అన్నాడు. కావాలంటే నేనే ఇంటికి పట్టుకుపోయి చూస్తానన్నాడు. ఆమె అతని వైపు ప్రేమగా చూసింది. ఎంత మెత్తని మనసు ఈ తమ్ముడిది అనుకుని ఉంటుంది. ప్లగ్గు చాప మీద పెట్టి, స్టూలెక్కి, మూట తనే దింపుకుంది.

పురికొస ముడి ఎంతకీ రాకపోతే పళ్ళతో కొరికింది. ఖాకీ చొక్కా బయటికి వచ్చింది. ఒక చెయ్యి దగ్గర కాలి నల్లబడి ఉంది. ఆమె ఏడవకుండా దాన్ని ఒళ్ళో పరుచుకొని, చిన్నపిల్ల బట్ట సర్దినట్టు కాలరు సర్ది, పై జేబు గుండీ విప్పింది. లోపల మడత పెట్టిన మస్టరు చీటీ, దాంట్లో రెండు నల్లటి ముక్కలు. అరిగినవి కావు. కొత్తగా, నాలుగు పక్కలా నున్నగా అరగదీసినవి.

ఎల్లేశం ఒకటి తీసుకొని మూత రంధ్రంలో పెట్టి చూశాడు. కొలిచినట్టు సరిపోయింది. పొద్దున షిఫ్టుకు పోగానే, మస్టరు పడగానే, వజీర్ చేసిన మొదటి పని అదే అయ్యుండాలి. ఆకురాయి పట్టి ఇంత సన్న పని చెయ్యాలంటే కనీసం గంట పడుతుంది. కోపంలో ఉన్నవాడి చెయ్యి అంత నిమ్మళంగా ఆడదు.

మెహరాజ్‌కు అది ఎవరూ చెప్పనక్కర లేకపోయింది.

"నా మీద కోపం పెట్టుకోలె," అంది. "నాకోసం చేసి పెట్టుకున్నడు." అప్పుడు ఏడ్చింది. పదకొండు నెలల తర్వాత మొదటిసారి హాయిగా ఏడ్చిందా మనిషి.

ఎల్లేశానికి కూడా కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఇక్కడితో ఆగిపోతే చాలు భగవంతుడా అనుకున్నాడు. కార్బన్లు దొరికాయి కదా, మూట కట్టేద్దాం భాబీ అన్నాడు. కట్టడానికి చెయ్యి కూడా చాచాడు. ఆమె కొంగుతో ముఖం తుడుచుకొని, సరేనని చొక్కా మడిచింది, ప్యాంటు మడవడానికి పట్టుకొని ఒక్కసారి దులిపింది. పక్క జేబులోంచి ఏదో జారి బండల మీద టక్కున పడింది.

ఆ చప్పుడు ఆ ఇంటికి కొత్త కాదు. ఎన్ని ఉతుకుల్లో విన్నదో ఆమె. ఏడుపు మధ్యలోనే ఆమె ముఖం మీదికి పాత నవ్వు ఒకటి వచ్చేసింది. మళ్ళీ పట్టుకొచ్చిండు చూడు అంటూ ఫ్యూజును తీసుకొని, అలవాటు కొద్దీ కిటికీలో సీసా కోసం లేచింది. రెండడుగులు వేసి ఆగిపోయింది. ఫ్యూజును వెలుతురుకు పెట్టి చూసింది. తెల్ల రంగుతో నాలుగు అంకె. ఎంక్వైరీ కాగితాన్ని ఆమె కూతురి చేత ఎన్నిసార్లు చదివించుకుందో లెక్క లేదు. ఆ నంబరు ఆమెకు కంఠపాఠం.

"తమ్మీ, ఇది పంపుది." ఆమె నెమ్మదిగా అంది. "ఇది ఈయన జేబుల ఉంటె, మరి ఆడ ఉన్నదేంది?"

ఎవరో దొంగ ఫ్యూజు పెట్టారనవచ్చు. తెలియదనవచ్చు. పదకొండు నెలల అలవాటు ఎల్లేశం నాలుక కొసన సిద్ధంగా ఉంది కూడా. కానీ చేతిలో వజీర్ అరగదీసిన కార్బన్ ముక్క ఉంది, దాన్ని పట్టుకొని అబద్ధం నోట రాలేదు.

"నేనే పెట్టిన భాబీ. భాయ్ మర్చిపోయి ఇంటికి తీస్కపోయిండనుకున్న. అడగలె. చెయ్యి తీసినవా అని ఒక్కసారన్న అడగలె."

అంకె వేసిన సంగతి కూడా చెప్పాడు. చెప్పడం మొదలయ్యాక ఏదీ దాచుకోలేకపోయాడు. నవ్వుకున్న సంగతి కూడా చెప్పేశాడు.

ఆమె తిట్టలేదు, జుట్టు పీక్కోలేదు. గోడకు ఆనుకొని కూర్చుంది. బయట మొదటి షిఫ్టు వాళ్ళను దింపి వెనక్కి పోతున్న బస్సు చప్పుడు లైను చివరిదాకా పోయి ఆగిపోయింది. ఫక్రున్నీసా ట్యూషన్ నుంచి ఇంకా రాలేదు, రాకపోవడమే మంచిదైంది.

"నేనే నా మొగన్ని చంపుకున్ననని ఏడుసుకుంట కూసున్న," అంది. "నువ్వు గా గడపల కూసోని, నా చాయ్ తాక్కుంట, విన్నవు."

"విన్న."

"గట్ల అనకు భాబీ అన్నవు."

"అన్న."

పదకొండు నెలలుగా అతను మోసిన గ్యాసు బండలన్నీ ఆమె కళ్ళముందు ఒక్కొక్కటే కదిలి ఉంటాయి. చివరికి ఆమె ఫ్యూజును కొంగు చివర పెట్టి ముడి వేసుకుంది. రేపు పొద్దున ఆఫీసుకు పోదామని, ఆ కాగితంలో రాసింది కొట్టేయించాలని, ఇప్పుడు తనకు చెప్పినట్టే అక్కడ పెద్ద సారు ముందు నిలబడి చెప్పాలని అంది. ఉద్యోగం పోతుందని ఆమెకూ తెలుసు, అతనికీ తెలుసు. ఇంట్లో అనసూర్య ఉంది, ఇద్దరు పిల్లలున్నారు. వస్తానని ఎల్లేశం తలూపాడు. వెళ్ళిపోదామని లేచాడు.

"మిషను బిగిచ్చి పో, ఎల్లేశం."

తమ్మీ అనలేదు. ఈ ఇంట్లో అతన్ని ఉట్టి పేరుతో పిలవడం ఇదే మొదలు. అతను మళ్ళీ చాప మీద కూర్చున్నాడు. మెహరాజ్ ప్లగ్గును తీసి మళ్ళీ గుప్పిట్లో పట్టుకుంది. తన భర్త మీదికి కరెంటు వదిలిన మనిషి కోసం, అతని వేళ్ళు మోటారులో ఉన్నంతసేపూ, ఆ ప్లగ్గును నొప్పి మణికట్టుతో బిగించి పట్టుకునే కూర్చుంది. అతను అది చూస్తూనే కార్బన్లు పెట్టాడు, స్ప్రింగులు నొక్కాడు, మూతలు తిప్పాడు. ఎప్పుడూ అయిదు నిమిషాల్లో అయ్యే పనికి పావుగంట పట్టింది.

అయిందన్నట్టు మిషనును చాప మీద పెట్టాడు. ఆమె దాని స్విచ్‌ను పైకి నెట్టి, లేచి బోర్డు దగ్గరికి పోయింది. ప్లగ్గు పెట్టబోయి ఆగి, వెనక్కి తిరిగింది.

"చెయ్యి తీసినవా?"

"తీసిన."

"చెయ్యి తీసినవా?"

"తీసిన."

మూడోసారి అడగబోయి కొంగు ముడిని పట్టుకుంది. అడగకుండా ప్లగ్గు పెట్టలేదు, నిలబడే ఉంది.

"చెయ్యి తీసినవా, ఎల్లేశం?"

అతను లేచి నిలబడి, రెండు చేతులూ ఆమెకు కనబడేటట్టు పైకెత్తాడు. "తీసిన భాబీ."

ఆమె ప్లగ్గు పెట్టింది. మిషను చాప మీద అదిరిపడి గిర్రున తిరిగింది. వజీర్ చేసిన కార్బన్లు మొదటి తిప్పుకే పట్టుకున్నాయి, ఒక్క నిప్పురవ్వ లేవలేదు. గుడ్లు లేవు, గిన్నె లేదు, ఉత్తగాలిలో కమ్మీలు తిరుగుతూనే ఉన్నాయి. మెహరాజ్ దాన్ని ఆపకుండా వింటూ బోర్డు పక్కనే నిలబడింది. ఎల్లేశం చేతులు ఇంకా పైకే ఉన్నాయి. దించమని ఆమె చెప్పలేదు.